ఆంగ్లమున గమనార్థక నిపాతయుక్తక్రియలు – ఉపసర్గదృష్టితో ఒక పరిశీలనము

సంస్కృతాంధ్రములను శాస్త్రపద్ధతిని చదువుకొన్న విద్యార్థికి ఆంగ్లభాషలో మిక్కిలి క్లేశము కలిగించునవి పెద్ద పదములు కావు, చిన్న పదములే. పెద్ద పదమునకు నిఘంటువు చూచి అర్థము గ్రహింపవచ్చును. 'కమ్', 'గో', 'గెట్', 'రన్', 'టర్న్' వంటి క్రియలకు 'అప్', 'ఇన్', 'బై', 'ఓవర్', 'అక్రాస్' వంటి చిన్న పదములు చేరినపుడు మాత్రము, రెండును తెలిసిన పదములే యైనను వాక్యార్థము తెలియదు. 'కమ్' అనగా వచ్చుట. 'బై' అనగా ప్రక్కన. కాని 'కమ్ బై' అనగా ప్రక్కగా వచ్చుట మాత్రమే కాక సంపాదించుట కూడ అగును. ఇట్టి వానిని ఆంగ్లవైయాకరణులు 'ఫ్రేజల్ వర్బులు' అందురు. ఈ పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున వాడి వ్యాప్తిలోనికి తెచ్చెను. పేరు క్రొత్తదైనను కష్టము ప్రాతదే. 1755లో ప్రకటితమైన తన ఆంగ్లనిఘంటువు పీఠికయందు శామ్యూల్ జాన్సన్ ఈ జాతి క్రియలు పరదేశీయులకు మిక్కిలి దుర్గ్రహములని గుర్తించి, వానిని ప్రత్యేకశ్రద్ధతో సేకరించినట్లు తెలిపెను. కావున ఈ క్లేశము మన విద్యార్థుల బుద్ధిమాంద్యమువలన కలిగినది కాదు.

అయినను ఓరియంటల్ కళాశాలల విద్యార్థులలో పెక్కుమంది ఆంగ్లమనగానే వెనుదీయుదురు. వారికి ఈ క్రియలను పట్టికలుగా వ్రాయించి వల్లె వేయించుట పరిపాటి. అమరమును కంఠస్థము చేసినవానికి వల్లె వేయుట భయకారణము కాదు. కాని అమరమునందు వర్గవిభాగము కలదు, పదములకు పరస్పరసంబంధము కలదు. ఈ పట్టికలకు అకారాదిక్రమము తప్ప వేఱొక క్రమము లేదు. యుక్తి లేని ధారణ పరీక్షవఱకు నిలిచి పిమ్మట జాఱిపోవును. ఆ యుక్తి మన వ్యాకరణశాస్త్రముననే కలదనియు, ఉపసర్గవిచారము నెఱిగినవానికి ఆంగ్లక్రియలు అపరిచితములు కావనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. విషయము విస్తృతమగుటచే గమనార్థకములను, అందును విశేషముగా సమీపించుటను తెలుపు క్రియలను మాత్రమే ఇచట గ్రహించుచున్నాను.

1. సంజ్ఞావిచారము

'ప్ర' మొదలు 'ఉప' వఱకు గల ఇరువదిరెండును ప్రాదులు. ఇవి మొదట నిపాతములు. క్రియతో యోగము కలిగినపుడు వీనికి ఉపసర్గసంజ్ఞ కలుగునని పాణిని అష్టాధ్యాయి ప్రథమాధ్యాయ చతుర్థపాదమున చెప్పెను. ఆ పాదముననే మఱికొంత దూరమున కర్మప్రవచనీయసంజ్ఞ కలదు. క్రియకు అంగముగా కాక, ఒక నామమునకును క్రియకును గల సంబంధమును మాత్రము తెలుపుచు, ఆ నామముచే ద్వితీయాదివిభక్తిని గ్రహింపజేయునది కర్మప్రవచనీయము. చెట్టువైపుగా మెఱుపు మెఱసినది అను అర్థమున 'ప్రతి' శబ్దము చెట్టునకు సంబంధించునే కాని మెఱయుటను మార్చదు. ఒకే శబ్దము ఒకచోట ఉపసర్గమై వేఱొకచోట కర్మప్రవచనీయమగుట మన శాస్త్రమున సుప్రసిద్ధము. ఇది నామమాత్రభేదము కాదు. కర్మప్రవచనీయమైన 'సు' శబ్దమునకు పిమ్మట సకారమునకు షత్వము కలుగకపోవుట వంటి కార్యభేదము దానివలన కలుగుచున్నది.

ఆంగ్లమునను ఇదియే స్థితి. 'ది కార్ రాన్ ఓవర్ ది బ్రిడ్జ్' అనగా కారు వంతెనమీదుగా పోయినది. ఇచట 'ఓవర్' వంతెనకు చెందినది, కర్మప్రవచనీయము వంటిది. 'ది కార్ రాన్ ఓవర్ ఎ గోట్' అనగా కారు మేకను త్రొక్కివేసినది. ఇచట 'ఓవర్' క్రియతో కలిసి దాని అర్థమును మార్చినది, ఉపసర్గము వంటిది. కార్యభేదము కూడ చూడుడు. మేక విషయమున 'రాన్ ఇట్ ఓవర్' అని సర్వనామమును నడుమ నిలుపవచ్చును. వంతెన విషయమున అట్లు నిలుపరాదు, 'రాన్ ఓవర్ ఇట్' అనియే చెప్పవలెను. కావున ఇట్టి ప్రయోగము ఎదురైనపుడు విద్యార్థి మొదట వేసికొనవలసిన ప్రశ్న ఇది: ఈ చిన్న పదము క్రియను పట్టుకొన్నదా, నామమును పట్టుకొన్నదా?

రెండు చిన్న పదములు వరుసగా వచ్చినపుడు ఈ ప్రశ్న మఱింత ఉపకరించును. 'హి వాక్డ్ అప్ టు మి' అనగా అతడు నడిచి నా దగ్గఱకు వచ్చెను. ఇచట 'అప్' నడకకు చెందిన ఉపసర్గము, 'టు' నాకు చెందిన కర్మప్రవచనీయము. 'క్యాచ్ అప్ విత్ హిమ్' అనగా ముందు పోవువానిని అందుకొనుట. 'కీప్ అప్ విత్ హిమ్' అనగా వెనుకబడక అతనితో సమముగా సాగుట. 'క్లోజ్ ఇన్ ఆన్ హిమ్' అనగా నలుదెసలనుండి చుట్టుముట్టి సమీపించుట. అన్నిటియందును మొదటిది క్రియకు, రెండవది నామమునకు చెందుచున్నది. మూడు పదముల ముద్దగా కనిపించినది ఈ విభాగముచే విడివడును.

2. దిగ్విచారము

నిరుక్తమున ఉపసర్గార్థములను నిర్వచించుచు యాస్కుడు 'ఆ' అనునది ఇటువైపు అను అర్థము నిచ్చుననియు, 'ప్ర', 'పరా' అనునవి దానికి ప్రతిలోమములనియు చెప్పెను. ఇది మిక్కిలి సూక్ష్మమైన మాట. సంస్కృతమున 'గచ్ఛతి' అనగా పోవుచున్నాడు, 'ఆగచ్ఛతి' అనగా వచ్చుచున్నాడు. 'నయతి' అనగా కొనిపోవుచున్నాడు, 'ఆనయతి' అనగా తెచ్చుచున్నాడు. ధాతువొక్కటియే. ఆఙ్ చేరికవలన దిక్కు వక్తవైపునకు తిరిగినది.

ఆంగ్లమున ఈ పని ఉపసర్గము చేయదు. ధాతువే మాఱును: 'గో', 'కమ్', 'టేక్', 'బ్రింగ్'. తెనుగునను ఇట్లే పోవు, వచ్చు. కొనిపోవు, తెచ్చు అని ధాతుభేదమే కలదు. కావున ఈ ఘట్టమున తెనుగే ఆంగ్లమునకు దగ్గఱ. ఎదుటివాని ఇంటికి పోవునపుడు సైతము మనము 'రేపు మీ యింటికి వస్తాను' అందుము. ఆంగ్లేయుడును 'ఐ విల్ కమ్ టు యువర్ హౌస్' అనియే అనును. వచ్చుట వక్తవైపునకే కాక శ్రోతవైపునకు కూడ అగునని రెండు భాషలయందును సంప్రదాయము కలదు. పిలుపునకు లోపలినుండి 'వస్తున్నా' అని బదులిచ్చుటయు ఆంగ్లమున 'ఐ యామ్ కమింగ్' అనుటయు ఒక్కటియే.

అయితే ఒకచోట తెనుగు మనలను ప్రక్కదారి పట్టించును. సెలవు తీసికొనునపుడు 'పోతాను' అనుట అశుభమని 'వెళ్ళొస్తాను' అనుట మన మర్యాద. దానిని ఉన్నదున్నట్లు 'ఐ విల్ గో అండ్ కమ్' అని మార్చినచో, వినిన ఆంగ్లేయుడు ఇతడు కొంతసేపటిలో మరల వచ్చునని వేచియుండును. అచట 'ఐ మస్ట్ బి ఆఫ్' అనియో, 'ఐ విల్ బి గోయింగ్' అనియో చెప్పుట ఆచారము. కావున రెండవ ప్రశ్న: ఈ గమనము ఎవరి దృష్టినుండి చెప్పబడుచున్నది?

3. 'అప్' శబ్దము – సామీప్యము, అవధి

'అప్' అనగా పైకి అని బాలశిక్ష నుండి నేర్చుదుము. కాని 'వాక్ అప్ టు' అనునపుడు ఎక్కవలసిన ఎత్తు ఏదియు లేదు. సమతలమున నడిచి ఒకని చెంత చేరుటయే అర్థము. దీనికి రెండు సమాధానములు కలవు.

మొదటిది చారిత్రకము. తులనాత్మక భాషాశాస్త్రము ననుసరించి ఆంగ్లమున 'అప్', సంస్కృతమున 'ఉప' ఒకే మూలమునుండి వచ్చిన జ్ఞాతిశబ్దములు. 'ఓవర్' అనునది 'ఉపరి'కి, 'అవుట్' అనునది 'ఉద్' అను ఉపసర్గమునకు జ్ఞాతులు. 'కమ్' క్రియయు మన 'గమ్' ధాతువునకు జ్ఞాతియే. అనగా 'కమ్ అప్' అను రెండు పదములును 'ఉప', 'గమ్' అను రెంటికిని దాయాదులు. ఉపగమనమనగా సమీపించుటయే గదా. అయితే దాయాదుల ఇండ్లు వేఱు, ఆచారములు వేఱు. ఉభయభాషలును మూలమునుండి విడిపోయి వేర్వేఱు అర్థములను పెంచుకొన్నవి. ఆంగ్లము సంస్కృతమునుండి పుట్టినదని దీనివలన ఎవ్వరును తలపరాదు. జ్ఞాతిత్వము గుర్తుంచుకొనుటకు సాయపడునే కాని అర్థనిర్ణయమునకు ప్రమాణము కాదు. ప్రయోగమే ప్రమాణము.

రెండవ సమాధానము శాస్త్రీయము, ఎక్కువ ఉపకారకము. ఆఙ్ శబ్దమునకు మర్యాద, అభివిధి అని రెండర్థములు కలవు. చెప్పిన అవధిని విడిచి అంతవఱకు అనుట మర్యాద, అవధిని కూడ కలుపుకొని అనుట అభివిధి. పాటలిపుత్రమువఱకు వాన కురిసినదని చెప్పు ఉదాహరణమున నగరమునకు ఇవతలనే ఆగినదా, నగరమునందును కురిసినదా అని విచారింతుము. ఆంగ్లమున 'అప్ టు' అనునది కదలిక విషయమున మర్యాదను తెలుపును. 'హి వెంట్ అప్ టు ది డోర్' అనగా తలుపువఱకు పోయి నిలిచెను. లోపలికి పోయెనని చెప్పుటకు 'ఇన్‌టు' కావలెను. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్' అనునపుడు కేవలమైన 'అప్' అభివిధివలె మిగులకుండ పూర్తి చేయుటను తెలుపును. పైకి పోవునది ఒక అవధిని చేరును. అవధిని చేరినది పూర్తియగును. ఊర్ధ్వత, సామీప్యము, సమాప్తి అను మూడర్థములును ఇట్లు ఒక తీగెకు పూచినవే.

ప్రాధాన్యమును బట్టి ఊర్ధ్వత కల్పించుటయు కలదు. బ్రిటన్‌లో లండన్ నగరమువైపు పోవు రైలును 'అప్ ట్రెయిన్' అందురు. విద్యార్థి ఆక్స్‌ఫర్డునకు చదువుటకు పోయినచో 'గో అప్' అందురు. ఇచటి 'అప్' కొండకు సంబంధించినది కాదు, గౌరవమునకు సంబంధించినది.

4. సమీపించుటలోని భేదములు

సంస్కృతమున ఉపగమనము, అభిగమనము, అధిగమనము, అనుగమనము, సంగమనము అని ఉపసర్గభేదముచే సమీపించుటలోని తీరు మాఱును. ఆంగ్లమున ఆ పనిని నిపాతములు చేయును. వానిని క్రమముగా చూతము.

ఉద్దేశపూర్వకముగా ఒకరి చెంతకు పోవుట 'గో అప్ టు', 'కమ్ అప్ టు'. వక్తవైపునకైన 'కమ్', ఇతరులవైపునకైన 'గో'. ఊరికే ఒక దిక్కు పట్టి సాగుట 'మేక్ ఫర్' లేక 'హెడ్ ఫర్'. ఇచట గమ్యము ఉద్దిష్టమే కాని చేరినట్లు చెప్పబడలేదు. చేరుట 'గెట్ టు'. 'హి మేడ్ ఫర్ ది స్టేషన్' అనిన స్టేషనునకు బయలుదేరి పోవుచుండెను. 'హి గాట్ టు ది స్టేషన్' అనిన చేరెను. ఈ భేదము తెలియనివాడు పరీక్షలో గద్యఖండమును చదివి, చేరనివానిని చేరినట్లు వ్రాయును.

'టు', 'ఎట్' అను రెంటి భేదము మిక్కిలి ముఖ్యము. 'హి కేమ్ టు మి' అనగా నా యొద్దకు వచ్చెను. 'హి కేమ్ ఎట్ మి' అనగా నా మీదికి వచ్చెను, కొట్టవచ్చెనని భావము. ఇచట 'ఎట్' పరుని లక్ష్యముగా చేయును, అతనిని గ్రహీతగా చూడదు. ఈ న్యాయము గమనార్థకములకే పరిమితము కాదు. 'త్రో ది బాల్ టు హిమ్' అనిన అతడు పట్టుకొనుటకై విసరుట, 'త్రో ది స్టోన్ ఎట్ హిమ్' అనిన తగులునట్లు విసరుట. 'షౌట్ టు' అనిన వినబడుటకై కేకవేయుట, 'షౌట్ ఎట్' అనిన గద్దించుట. మన తెనుగున 'నా దగ్గఱకు వచ్చెను', 'నా మీదికి వచ్చెను' అనుటలోని భేదమే ఇది.

యాదృచ్ఛికముగా తారసపడుటను 'కమ్ అక్రాస్', 'కమ్ అపాన్', 'రన్ ఇన్‌టు' అను ప్రయోగములు తెలుపును. 'కమ్ అక్రాస్' వస్తువులకును మనుష్యులకును చెల్లును: 'ఐ కేమ్ అక్రాస్ ఎన్ ఓల్డ్ మాన్యుస్క్రిప్ట్' అనగా ఒక ప్రాత తాళపత్రగ్రంథము అనుకోకుండ నా కంటబడినది. వెదకి సాధించినదైనచో ఈ మాట చెల్లదు, 'ఫౌండ్' అనవలెను. 'రన్ ఇన్‌టు' అనునది మనుష్యుల విషయమున ఎదురుపడుట, వాహనముల విషయమున ఢీకొనుట. 'ఐ రాన్ ఇన్‌టు మై టీచర్' అని చదివి, శిష్యుడు గురువును ఢీకొనెనని అర్థము చెప్పినచో నవ్వు పుట్టును. కాని మన 'ఎదురుపడు' అను మాటను పదపదము విడదీసి చెప్పినను అంతే నవ్వు పుట్టును గదా.

ఎవరు పిలువకయే, లేక అనిశ్చితముగా నుండి చివరకు కానవచ్చుట 'టర్న్ అప్'. దారిలో కొంతసేపు ఆగి ఒకరి యింటికి పోవుట 'డ్రాప్ ఇన్'. వాహనము వచ్చి నిలుచుట 'పుల్ అప్'. వెనుకనే పోవుట 'గో ఆఫ్టర్', ఇందు పట్టుకొనవలెనను కోరిక కూడ కలదు. ప్రక్కగా సాగిపోవుట 'గో బై'. కాలము కూడ ఇట్లే సాగిపోవును.

5. అర్థాంతరము ఎట్లు కలుగును?

ఉపసర్గమునకు స్వతంత్రార్థము కలదా లేదా అను వివాదము యాస్కునికంటె ప్రాచీనము. విడిగా నున్న ఉపసర్గములు అర్థమును స్పష్టముగా చెప్పజాలవనియు, నామాఖ్యాతములయందున్న అర్థవిశేషమును ద్యోతకము చేయుననియు శాకటాయనుని మతము. వానికి నానావిధములైన అర్థములు కలవని గార్గ్యుని మతము. వాక్యపదీయ ద్వితీయకాండమున భర్తృహరియు వాచకత్వ ద్యోతకత్వ పక్షములను విచారించెను. ఆంగ్లమును బోధించువారికి ఈ రెండు పక్షములును ఉపయోగపడును. 'గో ఇన్', 'కమ్ అవుట్', 'గో అవే' అను చోట్ల గార్గ్యుడు చెప్పినట్లు నిపాతము తన అర్థమును తానే చెప్పుచున్నది. 'కమ్ బై' సంపాదించుట అయినపుడు, 'కమ్ రౌండ్' మూర్ఛనుండి తేరుకొనుట అయినపుడు శాకటాయనుని వైపు మొగ్గవలెను. అర్థము సముదాయమునందు కలదు, విడదీసిన దొరకదు.

అయినను ఆ సముదాయార్థము నిర్హేతుకము కాదు. గత్యర్థకధాతువులన్నియు జ్ఞానార్థకములని మన శాబ్దికులందురు. అవగమనము, అధిగమనము అనునవి రెండును గమనములే. మొదటిదానికి తెలియుట, రెండవదానికి పొందుట, నేర్చుట అర్థములైనవి. ఆంగ్లమునను పోవుట, చేరుట అను భావములు పొందుటకును తెలియుటకును దారి తీసినవి. 'గెట్ ఎట్ ది ట్రూత్' అనగా సత్యమును కనుగొనుట. 'కమ్ బై' అనగా పొందుట. 'కమ్ అప్ విత్ ఎన్ ఐడియా' అనగా ఉపాయమును కనిపెట్టి చెప్పుట. అందలేని దాని చెంతకు బుద్ధి నడిచి పోయినదని భావించినచో ఇవి అన్నియు ఒక కుటుంబమునకు చేరును.

స్థిరత్వమును తెలుపు ధాతువు గమనార్థకమగుటయు రెండు భాషలయందును కలదు. 'స్థా' ధాతువునకు నిలుచుట అర్థము. 'ప్ర' చేరగా 'ప్రతిష్ఠతే' అనిన బయలుదేరుచున్నాడు, ప్రస్థానము. ఆంగ్లమున 'సెట్' అనగా ఉంచుట. 'సెట్ అవుట్', 'సెట్ ఆఫ్' అనిన బయలుదేరుట. ప్రస్థానమును ఎఱిగినవానికి 'సెట్ అవుట్' వింత కాదు.

తెనుగున ఉపసర్గములు లేకున్నను ఈ పోకడ కలదు. 'బయటపడు' అను క్రియకు వెలుపలికి వచ్చుట, ఆపదనుండి తప్పించుకొనుట, రహస్యము వెల్లడియగుట అను మూడర్థములు కలవు. 'కమ్ అవుట్' అనుదానికిని వెలుపలికి వచ్చుట, వెల్లడియగుట అను అర్థములు కలవు. వెంటపడు, మీదపడు, ఎదురేగు, సాగనంపు మున్నగునవి ప్రతిదినము మన నోట నానుచున్నవే.

6. స్థానము, స్వరము

లౌకికసంస్కృతమున ఉపసర్గము ధాతువునకు ముందే నిలుచును. ఛందస్సునందు ధాతువునకు పిమ్మట కూడ, వ్యవధానముతో కూడ ప్రయోగింపబడునని పాణిని అనుమతించెను. ఋగ్వేదము మొదటి సూక్తమున ఏడవ ఋక్కు 'ఉప' శబ్దముతో ఆరంభమగును. దానితో అన్వయించు క్రియ ఋక్కు చివర కలదు. మేము నిన్ను సమీపించుచున్నాము అని అగ్నిని గూర్చిన మాట అది. సమీపించుట అను అర్థముననే ఉపసర్గమునకును క్రియకును నడుమ ఇన్ని పదములుండగా అన్వయింపగలిగిన వేదాధ్యాయికి 'సీ హిమ్ ఆఫ్' అనుచోట నడుమ నున్న ఒక్క సర్వనామము అడ్డము కాదు. 'సీ ఆఫ్' అనగా సాగనంపుట. కర్మ నామమైనచో 'సీ ఆఫ్ ది గెస్ట్స్', 'సీ ది గెస్ట్స్ ఆఫ్' అని రెండు విధములు. సర్వనామమైనచో నడుమనే నిలుపవలెను: 'సీ దెమ్ ఆఫ్'.

ప్రాచీనాంగ్లమున నిపాతములు క్రియకు ముందు చేరుట విశేషముగా నుండెడిది. కాలక్రమమున అవి వెనుకకు మఱలినవి. ప్రాత పద్ధతి కొన్ని పదములలో నిలిచినది, అర్థము వేఱైనది. 'ఓవర్‌టేక్' అనగా వెనుకనుండి వచ్చి దాటుట. 'టేక్ ఓవర్' అనగా బాధ్యతను స్వీకరించుట. 'అండర్‌గో' అనగా అనుభవించుట. 'గో అండర్' అనగా మునుగుట. 'ఓవర్‌కమ్' అనగా జయించుట. 'కమ్ ఓవర్' అనగా ఇటు వచ్చుట. స్థానభేదమే అర్థభేదమని గుర్తుంచుకొనవలెను.

స్వరవిషయమున మఱొక సామ్యము కలదు. వేదమున ప్రధానవాక్యము నడుమ నున్న తిఙంతము సామాన్యముగా అనుదాత్తమగును, ఉపసర్గము ఉదాత్తస్వరమును నిలుపుకొనును. ఆంగ్లమున ఉదాత్తాదులు లేకున్నను ఊనిక కలదు. ఉపసర్గము వంటి నిపాతముపై ఊనిక పడును, కర్మప్రవచనీయము వంటి దానిపై సామాన్యముగా పడదు. 'హి కేమ్ టు ది హౌస్' అనునపుడు 'టు' తేలికగా పలుకబడును. 'హి కేమ్ టు' అని దానిపై ఊనికతో వాక్యమును ముగించినచో అతనికి స్పృహ వచ్చెనని అర్థము. చెవితో ఊనికను పట్టగలిగినవానికి మొదటి ప్రశ్నకు సమాధానము సగము తెలిసినట్లే.

7. లాటిన్ పదములు – మనవారి పొరపాట్లు

ఆంగ్లమున రెండు పొరలు కలవు. స్వదేశీయ పొరలో నిపాతము విడిగా నుండును. లాటిన్, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన పొరలో ఉపసర్గము పదములోపలనే ముందు నిలిచియుండును. 'ప్రోగ్రెస్' అనుదానిలోని 'ప్రో' మన 'ప్ర'కు జ్ఞాతి, పదము ప్రగతియే. 'కన్వీన్' లోని ధాతువు 'గమ్'కు జ్ఞాతి, పదార్థము సంగమించుట. 'ఇంటర్వీన్' అనగా నడుమకు వచ్చుట, అంతర్గమనము. తెనుగున తత్సమములకును అచ్చతెనుగు మాటలకును గల భేదమే ఈ పొరలకు కలదు. 'సమీపించు', 'దగ్గఱకు వచ్చు' అను రెంటిని మనము ఒకే సందర్భమున వాడము. అట్లే దరఖాస్తులో 'అప్రోచ్', 'అరైవ్', 'రిటర్న్' ఉచితములు. సంభాషణమున 'గో అప్ టు', 'గెట్ టు', 'కమ్ బ్యాక్' సహజములు. ఉద్యోగపు ఇంటర్వ్యూకు 'ఐ షల్ టర్న్ అప్' అని వ్రాసినచో వచ్చుట తెలియును కాని వినయము తెలియదు. 'ఐ షల్ అటెండ్' అనుట యుక్తము.

'అప్రోచ్' అను క్రియను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. 'ఐ అప్రోచ్డ్ టు ది ప్రిన్సిపాల్' అని మనవారు తఱచు వ్రాయుదురు. తెనుగున 'కు' విభక్తి యుండుటచే 'టు' చేర్చుదురు. ఈ పదము లాటిన్ మూలమున 'అద్' అను ఉపసర్గముతో, సామీప్యము తెలుపు శబ్దముతో ఏర్పడి ఫ్రెంచి ద్వారా ఆంగ్లమునకు వచ్చినది. 'వైపునకు' అను అర్థము ఆ 'అద్' లోనే కలదు. 'భూ' ధాతువు అకర్మకమైనను 'అను' చేరగా 'అనుభవతి' సకర్మకమై ద్వితీయను గ్రహించునట్లు, 'అప్రోచ్' నేరుగా కర్మను గ్రహించును: 'ఐ అప్రోచ్డ్ ది ప్రిన్సిపాల్'. అదియే నామమైనపుడు 'ది అప్రోచ్ టు ది టెంపుల్' అని 'టు' మరల వచ్చును. కృదంతయోగమున ద్వితీయ పోయి షష్ఠి వచ్చుట మనకు తెలిసినదే గదా.

'రీచ్డ్ టు ది విలేజ్' కాదు, 'రీచ్డ్ ది విలేజ్'. గదిలోనికి పోవునపుడు 'ఎంటర్డ్ ది రూమ్', ఒడంబడిక చేసికొనునపుడు మాత్రము 'ఎంటర్డ్ ఇన్‌టు ఎన్ అగ్రిమెంట్'. 'రిటర్న్ బ్యాక్' అనుట పునరుక్తి, 'రిటర్న్'లోనే మరలుట కలదు. అయితే లాటిన్ ఉపసర్గము కల ప్రతిక్రియయు సకర్మకమని తలపరాదు. 'అరైవ్' అనుదానిలోను 'అద్' కలదు, ఒడ్డునకు చేరుట అని మూలార్థము. కాని అది అకర్మకము. 'అరైవ్డ్ ఎట్ ది స్టేషన్', 'అరైవ్డ్ ఇన్ విజయవాడ' అనవలెనే కాని 'అరైవ్డ్ టు' అనరాదు. సంస్కృతమున గ్రామమునకు పోవుచున్నాడనుటకు ద్వితీయయు చతుర్థియు సాధువులు. ఆంగ్లమున అట్టి వికల్పము ప్రతిక్రియకును లేదు. క్రియతోపాటు దాని విభక్తిని కూడ నేర్చుకొనవలెను.

8. ఉపసంహారము

ఇంతవఱకు చేసిన విచారమువలన తేలినది ఇది. గమనార్థక నిపాతయుక్తక్రియ ఎదురైనపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. నిపాతము క్రియకు చెందినదా, నామమునకు చెందినదా? గమనము ఎవరి దృష్టినుండి చెప్పబడినది? గమనము అవధియొద్ద ఆగినదా, లోపలికి పోయినదా, కేవలము దిక్కును పట్టినదా? అర్థము అవయవములనుండి వచ్చుచున్నదా, సముదాయమునుండి వచ్చుచున్నదా? మొదటి మూటికి శాస్త్రబుద్ధి చాలును. నాలుగవదానికి మాత్రము ప్రయోగపరిచయము కావలెను, దానికి చదువుట, వినుట తప్ప వేఱు మార్గము లేదు. రూఢిని యోగముచే సాధింపబూనుట మన శాస్త్రమునను దోషమే.

ఆంగ్లము నేర్పువారికి ఒక మనవి. ఓరియంటల్ విద్యార్థి ఏమియు తెలియని శూన్యస్థితిలో మీ తరగతికి వచ్చుట లేదు. అతడు సకర్మకాకర్మకభేదము, కారకము, ఉపసర్గము ఎఱిగి వచ్చుచున్నాడు. పట్టిక నిచ్చుటకు ముందు అతనికి తెలిసినదానిని అడుగుడు. విద్యార్థులకును ఒక మాట. గురువు శిష్యుని తన చెంతకు చేర్చుకొనుటను ఉపనయనమనిరి. ఆ 'ఉప'యే ఆంగ్లమున 'అప్' అను వేషముతో మీకు ఎదురగుచున్నది. వేషము చూచి వెనుదీయక, చెంతకు పోయి పలుకరింపుడు.